మొదటి రైఫిల్ కొనే ముందు: 40 వేల బడ్జెట్ ఉన్న తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. వయసు 24, ఊరు నల్గొండ దగ్గర, హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతిలో 40 వేలు, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుని పోటీలకి వెళ్లాలని ఉంది. షాపులో స్కోప్ బిగించిన స్ప్రింగ్ గన్ చూపించి 18 వేలన్నారు, "900 ఎఫ్‌పీఎస్, దీన్ని మించింది లేదు" అన్నారు. ఇంకోపక్క తెలిసినాయన దగ్గర పాత జర్మన్ మ్యాచ్ రైఫిల్ (పోటీలకని చేసిన రైఫిల్) ఉంది, 90 వేలు, వాయిదాల్లో ఇమ్మంటున్నాడు. రెండింట్లో ఏది తీసుకోవాలి అని నీ ప్రశ్న.

ఇవాళైతే రెండూ తీసుకోకు. నాలుగు నెలలు ఆగు. ఈ నాలుగు నెలలు ఏం చెయ్యాలో, ఆ తర్వాత ఏది చూసి కొనాలో చెప్తా, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

నేను 31 ఏళ్లకి మొదలుపెట్టా, బాబుని స్కూల్లో దింపేసి రేంజికి వెళ్లేదాన్ని. మొదట రెండేళ్లు మన దేశంలో చేసిన స్ప్రింగ్ రైఫిల్‌తో, మామూలు గురి పుల్ల ఉండే ఓపెన్ సైట్‌లో ఆడా, తర్వాత పీప్ సైట్‌కి, అంటే చిన్న రంధ్రంలోంచి గురి చూసేదానికి మారా, ఇప్పుడు 14 ఏళ్లయింది, ఆరేడేళ్లుగా మా క్లబ్బులో కొత్తగా వచ్చేవాళ్లకి మొదటి పాఠాలు నేనే చెప్తున్నా. కొత్తవాళ్లు డబ్బులు ఎక్కడ పోగొట్టుకుంటారో ఇన్నేళ్లు దగ్గరుండి చూశా కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

ముందు షాపు వాళ్ల మాట. ఎఫ్‌పీఎస్ అంటే పెల్లెట్, అంటే ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసం గుండు, సెకనుకి ఎన్ని అడుగులు పోతుందనే లెక్క. ఒలింపిక్స్‌లో వాడే మ్యాచ్ రైఫిల్ వేగం ఎంతో తెలుసా, దాదాపు 570, అంటే సెకనుకి 175 మీటర్ల దగ్గర. వేగం వల్లే పాయింట్లు వస్తాయనుకుంటే ఆ కంపెనీలు 570 దగ్గర ఎందుకు ఆపుతాయి చెప్పు. 10 మీటర్ల దూరంలో కాగితానికి చిల్లు పడటానికి అది చాలు, ఇంకా పెంచితే కుదుపు పెరుగుతుంది తప్ప లాభం లేదు. ఇంకో సంగతి, మామూలు మ్యాచ్ పెల్లెట్ 0.53 గ్రాములు ఉంటుంది, అది నిజంగా 900 అడుగుల వేగంతో పోతే దాని శక్తి దాదాపు 20 జౌల్స్ అవుతుంది. మన 2016 ఆర్మ్స్ రూల్స్‌లో లైసెన్స్ లేకుండా కొనుక్కోగల ఎయిర్ రైఫిల్‌కి గీత సరిగ్గా అక్కడే ఉంది, 0.177 బోరు (గొట్టం లోపలి వెడల్పు) అంటే 4.5 మిల్లీమీటర్లు, 20 జౌల్స్. ఆ రెండూ దాటనంత వరకు లైసెన్స్ అక్కర్లేదు, ఐడీ, అడ్రస్ ప్రూఫ్ తీసుకుని రాసుకుంటారు. మ్యాచ్ రైఫిల్ అయితే 8 జౌల్స్ దగ్గరే ఉంటుంది, ఆ గొడవే లేదు. కాబట్టి పవర్ ఎక్కువ అని ఎవరైనా చెప్తే మన ఆటకి అది పనికొచ్చే గుణం కాదని గుర్తుపెట్టుకో. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకో, రైఫిల్ తీసుకెళ్లేటప్పుడల్లా కేస్‌లోనే దాని కాపీ ఉండాలి.

రెండోది స్కోప్. 10 మీటర్ల పోటీల్లో స్కోప్ అసలు పెట్టనివ్వరు. పీప్ సైట్ ఉంటుంది, లేదా మన స్టేట్ స్థాయి పోటీల్లో ఓపెన్ సైట్ కేటగిరీ విడిగా పెడతారు, అందులో ముందు పుల్ల వెనక గాడి అంతే. స్కోప్‌తో ఆర్నెల్లు అలవాటు పడి రేంజికి వచ్చినవాళ్లని చూశా, వాళ్లకి పీప్ సైట్ కంటికి ఎక్కడానికి కొత్తగా వచ్చినవాళ్ల కంటే ఎక్కువ టైమ్ పట్టింది. ఎందుకంటే స్కోప్‌లో టార్గెట్ మీదే చూపు పెట్టడం అలవాటైపోతుంది, మనకి కావాల్సింది సైట్ మీద చూపు.

ఈ ఆటలో ఏం కొట్టాలో కూడా చెప్తా, అప్పుడే ఎలాంటి రైఫిల్ కావాలో అర్థమవుతుంది. టార్గెట్ మధ్యలో పది మార్కుల చోటంటే సగం మిల్లీమీటరు చుక్క. గసగసం గింజలో సగం అనుకో. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు కాబట్టి దాని అంచు ఆ చుక్కని తాకితే పది. మొత్తం నల్ల భాగం 30.5 మిల్లీమీటర్లు, పాత రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దది. ఇప్పుడు పదిని కూడా మళ్లీ పది ముక్కలు చేసి 10.9 దాకా లెక్కేస్తారు, 60 షాట్లకి 654 పూర్తి మార్కులు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా ఫైనల్ ఆఖరి షాట్ 10.8, ఆ ఒక్క షాట్‌లో గోల్డ్ ఖాయమైంది. 75 నిమిషాల్లో 60 షాట్లు నిలబడి కొట్టాలి, రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటకూడదు. కాబట్టి మనకి కావాల్సింది ప్రతి షాట్ ఒకేలా వెళ్లే రైఫిల్, నీ ఒంటికి సరిపోయే రైఫిల్, చూపుడు వేలు చివరతో తాకితే పేలే ట్రిగ్గర్. ఈ మూడూ ఎంత డబ్బుకి ఎంత దొరుకుతాయన్నదే అసలు లెక్క.

స్ప్రింగ్ గన్ సంగతి చూద్దాం. బ్యారెల్ వంచో లివర్ లాగో స్ప్రింగ్ బిగిస్తావు, ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకి దూకి గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ని తోస్తుంది. అంటే పెల్లెట్ ఇంకా బ్యారెల్లో ఉండగానే రైఫిల్ వెనక్కీ ముందుకీ కదిలిపోతుంది. నువ్వు గట్టిగా పట్టుకుంటే ఒకచోట, వదులుగా పట్టుకుంటే ఇంకోచోట పడుతుంది. దీంతో ఆడటం నేర్చుకుంటే ఫాలో త్రూ బాగా వస్తుంది, అంటే షాట్ వెళ్లాక కూడా కదలకుండా ఉండటం, నాకు అది స్ప్రింగ్ గన్ వల్లే వచ్చింది, ఆ మాట ఒప్పుకుంటా. కానీ కొత్తవాడికి తప్పు తనదా రైఫిల్‌దా తెలీదు, అదే ఇబ్బంది. ట్రిగ్గర్ కూడా కిలో పైన బరువుంటుంది చాలావాటికి. ఇంకా, ఖాళీగా పెల్లెట్ లేకుండా పేల్చకూడదు, పిస్టన్ సీల్ పాడైపోతుంది. అదే మ్యాచ్ రైఫిల్‌కి డ్రై ఫైర్ ఏర్పాటు విడిగా ఉంటుంది, ఇంట్లో గోడ మీద చిన్న నల్ల చుక్క పెట్టుకుని గాలి ఖర్చు లేకుండా పెల్లెట్ ఖర్చు లేకుండా రోజూ అరగంట ట్రిగ్గర్ నొక్కుకోవచ్చు. నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ గోడ దగ్గరే వచ్చింది.

పీసీపీ అంటే గాలి సిలిండర్ ముందే నింపి పెట్టుకునే రైఫిల్, ఇప్పటి మ్యాచ్ రైఫిల్స్ అన్నీ ఇవే, ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్, అన్షుట్జ్, స్టెయర్ అన్నీ. కుదుపు దాదాపు ఉండదు. కొత్తవి లక్షల్లో ఉంటాయి, అందులోకి ఇప్పుడు చూడకు. మన దేశంలో ప్రెసిహోల్ వాళ్లు స్ప్రింగ్‌వి, సిలిండర్‌వి రెండు రకాలూ చేస్తున్నారు, ప్రాక్టీస్‌కి బాగానే ఉంటాయి, సర్వీస్ ఇక్కడే దొరుకుతుందన్నది పెద్ద సుఖం. కానీ పీప్ సైట్ పోటీకని కొనేటప్పుడు స్టాక్ (రైఫిల్ పట్టుకునే వెనక భాగం), బుగ్గ ఆన్చే చెక్క, భుజానికి తగిలే బట్ ప్లేట్ ఇవన్నీ ఎంతవరకు అడ్జస్ట్ అవుతాయో పట్టుకుని చూసుకోవాలి, ఫోటో చూసి ఆర్డర్ పెట్టకు.

ఇప్పుడు నాలుగు నెలలు ఆగమన్నది ఎందుకంటే, నీకు ఎడమ రైఫిల్ కావాలో కుడి రైఫిల్ కావాలో నీకే ఇంకా తెలీదు. నవ్వొస్తోందేమో, నిజం చెప్తున్నా. ఇప్పుడే ఒకటి చెయ్యి. రెండు చేతులూ ముందుకి చాపి, రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచే ఉంచి ఆ సందులోంచి గోడ గడియారం చూడు. తర్వాత ఎడమ కన్ను మూయి. గడియారం అక్కడే ఉందా, నీది కుడి కన్ను. మాయమైపోయిందా, నీది ఎడమ కన్ను, చెయ్యి ఏదైనా సరే. మా దగ్గరికి ఒక ఇంటర్ పిల్లాడు వచ్చాడు, వాళ్ల నాన్న ముందే కుడి చేతి స్టాక్ ఉన్న రైఫిల్ కొనేసి తీసుకొచ్చాడు. రెండు నెలలైనా పిల్లాడి షాట్లు ఏడు ఎనిమిది దాటట్లేదు, మెడ వంచేస్తున్నాడు, ప్రతిసారీ చెప్తున్నా, మళ్లీ వంచేస్తున్నాడు. ఒకరోజు ఈ పరీక్ష పెడితే ఎడమ కన్ను. వాడు అన్నాళ్లూ ఆ కన్నుని పీప్ దగ్గరికి తెచ్చుకోవడానికే మెడ వంచుతున్నాడన్నమాట. క్లబ్బు ఎడమ రైఫిల్ చేతికిచ్చాం, మూడు వారాల్లో మెడ దానంతటదే నిలబడింది. కొన్న రైఫిల్ సగం ధరకి అమ్ముకున్నారు పాపం. ఆ పరీక్ష మొదటి రోజే పెట్టనందుకు నేనూ బాధపడ్డా, అప్పట్నుంచి కొత్తగా ఎవరొచ్చినా రైఫిల్ ముట్టుకునే ముందే ఇది చేయిస్తా.

కాబట్టి ముందు రేంజికి వెళ్లు. హైదరాబాద్‌లో ఉన్నావు కాబట్టి నీకు ఆ ఇబ్బంది లేదు, గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ పక్కన రేంజ్ ఉంది, ఊళ్లో ప్రైవేట్ అకాడమీలు కూడా ఉన్నాయి. గగన్ నారంగ్ 2012 లండన్‌లో ఇదే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బ్రాంజ్ కొట్టినవాడు, పెరిగింది ఇక్కడే. ఆయన అకాడమీలో నేర్చుకున్న మన హైదరాబాద్ అబ్బాయి ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో, వినికిడి లోపం ఉన్నవాళ్లకి జరిగే డెఫ్లింపిక్స్‌లో గోల్డ్ తెచ్చాడు. ఎక్కడికెళ్లినా ఒకటే అడుగు, క్లబ్ రైఫిల్ ఇస్తారా, ఏ రైఫిల్, వారానికి ఎన్ని రోజులు, కోచ్ లేన్ పక్కన నిలబడతాడా లేక ఫీజు కట్టించుకుని వదిలేస్తాడా. ఒకరోజు ఊరికే కూర్చుని చూడు, కోచ్ కొత్తవాళ్ల దగ్గర ఎంతసేపు ఉంటున్నాడో కనిపించిపోతుంది.

మొదటి నెల నీకు రైఫిల్ బరువు తెలుస్తుంది. ఐదు కిలోలు చేతిలో పట్టుకుంటే ఏమీ అనిపించదు, కానీ ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆన్చి, నడుము వెనక్కి వంచి పావుగంట నిలబడితే వీపు చెప్తుంది. పీప్ సైట్‌లోంచి చూస్తే వెనక చిన్న రంధ్రం, అందులో ముందు సైట్ గుండ్రటి రింగు, ఆ రింగులో నల్లటి టార్గెట్, నలుపు చుట్టూ సన్నటి తెల్ల అంచు. ఆ తెల్ల అంచు అన్ని పక్కలా సమానంగా ఉండాలి. మొదట్లో నలుపు ఈగలాగా తిరుగుతూనే ఉంటుంది, ఆపాలని చూడకు, ఆగదు. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు చిన్న రింగు వేసుకోవడం. తెల్ల అంచు ఎక్కువ కనిపించే పెద్ద రింగు వేసుకుంటే కన్ను స్థిమితపడుతుంది, 3.8 లేదా 4 మిల్లీమీటర్లతో మొదలుపెట్టు. ఏ రింగు సరిపోయింది, బట్ ప్లేట్ ఎంత బయటికి లాగితే భుజం కుదిరింది, బుగ్గ చెక్క ఎంత ఎత్తులో ఉంటే మెడ నిటారుగా ఉంది, ఇవన్నీ పుస్తకంలో రాసుకో. నాలుగు నెలల తర్వాత కొనడానికి వెళ్లినప్పుడు ఆ పుస్తకమే నీకు కొలతల కాగితం.

నీ 40 వేలు ఎక్కడ పెట్టాలంటే, ముందు కోచింగ్, క్లబ్ రైఫిల్ ఫీజు. తర్వాత జాకెట్, గ్లవ్. చాలామంది దీన్ని ఆఖర్న కొంటారు, తప్పు. బిగుతుగా కుట్టిన కాన్వాస్ జాకెట్ నడుముకీ వీపుకీ ఇచ్చే ఊతం ఏ ఖరీదైన రైఫిలూ ఇవ్వదు, పైగా నడుం నొప్పి రాకుండా కాపాడేది అదే. ఒంటికి కొలతలిచ్చి కుట్టించుకో, సెకండ్ హ్యాండ్ జాకెట్ సరిగ్గా నీ సైజుదైతే తప్ప వద్దు. ప్యాంటు, షూస్ తర్వాత చూసుకోవచ్చు. మూడోది పెల్లెట్లు. ముందు భాగం చదునుగా ఉండే మ్యాచ్ పెల్లెట్ కొను, కాగితంలో గుండ్రటి చిల్లు కోసినట్టు పడుతుంది, స్కోరు చూడ్డం తేలిక. వారానికి మూడు రోజులు, రోజుకి 60 అనుకో, నెలకి 750 దాకా, అంటే 500 టిన్ను ఒకటిన్నర. మొదట్లోనే ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10 లాంటి ఖరీదైనది వద్దు, నువ్వు ఎనిమిదికీ పదికీ మధ్య తిరుగుతున్నప్పుడు ఆ తేడా కాగితం మీద కనిపించదు. సీసం పెల్లెట్లు కదా, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకు, చేతులు ఖాళీ లేవని పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకోకు, అలా చేసేవాళ్లని చూశా.

ఇక ఆ 90 వేల జర్మన్ రైఫిల్. నాలుగు నెలల తర్వాత కూడా ఈ ఆట మీద ఇష్టం ఇలాగే ఉంటే నేనైతే అటువైపే చూడమంటా, కొత్త చవక రైఫిల్ కంటే బాగా చూసుకున్న పాత మ్యాచ్ రైఫిల్ ఎప్పుడూ మేలు, వాటి బ్యారెల్ లక్షల షాట్లైనా అరగదు, మళ్లీ అమ్మినా పెట్టిన డబ్బులో చాలావరకు తిరిగొస్తుంది. కానీ ఒక్కటి చూడకుండా రూపాయి కూడా ఇవ్వకు, సిలిండర్ మీద తేదీ.

ఇది నా ఒంటి మీదకి వచ్చింది కాబట్టి చెప్తున్నా. పీప్ సైట్‌కి మారినప్పుడు ఒకాయన దగ్గర పాత రైఫిల్ కొన్నా, మెరుస్తోంది, కేసుతో సహా ఇచ్చాడు, షాట్లు ఒకే చిల్లులో పడుతున్నాయి, ఎంత సంతోషపడ్డానో. మూడు నెలలకి పోటీకి వెళ్లా, ఎక్విప్‌మెంట్ చెకింగ్ దగ్గర ఆఫీసర్ రైఫిల్ తీసుకుని సిలిండర్‌ని మెల్లగా తిప్పుతూ ట్యూబ్‌లైట్ వెలుగులో పెట్టాడు, గీతల మధ్య చిన్న అంకెలు. వేలితో చూపించి "అమ్మా, ఇది అయిపోయి ఏడాదిన్నర అయింది" అన్నాడు. ఆ కంపెనీల సిలిండర్లకి తయారైన తేదీ నుంచి సాధారణంగా పదేళ్లు గడువు, దానిమీదే చెక్కి ఉంటుంది. 200 బార్ ఒత్తిడి బుగ్గ పక్కనే పెట్టుకుని ఆడతాం, వాళ్లు అడ్డుకోవడం న్యాయమే. ఆ రోజు ఆడలేదు, జాకెట్ వేసుకునే ఉన్నా, అలాగే కూర్చుని అందరూ ఆడటం చూశా. కొత్త సిలిండర్‌కి రైఫిల్ ధరలో దాదాపు నాలుగో వంతు అయింది. అమ్మినాయన్ని అడిగితే "మీరు చూసుకోవాలి కదా" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

సిలిండర్ సరే అనుకున్నాక మిగతావి చూడు. సాయంత్రం గాలి నింపించి మీటర్ ముల్లు ఎక్కడుందో ఫోన్లో ఫోటో తీసుకుని రాత్రంతా వదిలెయ్యి, పొద్దున ముల్లు కిందకి దిగితే లోపలి రబ్బరు వలయం (ఓ-రింగ్) లీకవుతోంది, అది చిన్న రిపేరే గానీ ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది. తర్వాత టేబుల్ మీద ఆన్చి ఒకే చోట పది షాట్లు కొట్టు, ఒకే చిల్లు కొంచెం పెద్దదై ఉండాలి, నాలుగు వైపులా చెదిరితే బ్యారెలో, గాలి ఒత్తిడి సమానంగా ఉంచే రెగ్యులేటరో చూపించాలి. తర్వాత వెనక సైట్ నాబ్ పది క్లిక్కులు కుడికి తిప్పి మూడు షాట్లు, మళ్లీ పది వెనక్కి తిప్పి మూడు షాట్లు, మొదటి చోటికే రావాలి. రాకపోతే సైట్ అరిగిపోయింది, కొత్త సైట్ చవక కాదు. ట్రిగ్గర్ మెల్లగా లాగితే మొదట కొంచెం ఖాళీ కదలిక, తర్వాత ఒక గట్టి ఆపు, ఆ ఆపు దాటితే పేలాలి, ఆ ఆపు స్పష్టంగా లేకపోతే సెట్టింగ్ మార్చి చూపించమను. ఆఖర్న బ్యారెల్ నంబర్, బిల్లు మీద నంబర్ కలిపి చూసుకుని, అమ్మినట్టు రాయించుకుని, ఇద్దరి ఐడీ కాపీలు పెట్టుకోండి.

గాలి ఎక్కడ నింపుకుంటావో కొనే ముందే తేల్చుకో. రేంజిలో పెద్ద సిలిండర్ ఉంటే సరిపోతుంది, లేకపోతే హ్యాండ్ పంప్. పంపు కొడితే చెమట పడుతుంది, తేమ లోపలికి పోతుంది, మధ్యమధ్యలో ఆపి తేమ వదిలేసుకోవాలి. వెల్డింగ్ షాపులోనో హాస్పిటల్ సప్లై వాళ్ల దగ్గరో ఆక్సిజన్ మాత్రం ఎప్పుడూ, ఎవరు చెప్పినా, ఒక్కసారి కూడా ఎక్కించుకోకు. లోపల నూనె తడి ఉంటుంది, ఒత్తిడిలో ఆక్సిజన్ తగిలితే పేలిపోతుంది. ఊపిరి తీసుకునే మామూలు గాలి, డైవింగ్ సిలిండర్లకి నింపేది, అది ఒక్కటే.

ఓపెన్ సైట్‌లోనే ఆడాలనుకుంటే, లేదా 90 వేలు నిజంగా కష్టమైతే, స్ప్రింగ్ రైఫిల్ తప్పు కాదు, నేనూ అలాగే వచ్చా. అప్పుడు స్కోప్ లేకుండా అడుగు, ఆ డబ్బు మిగులుతుంది, పవర్ తక్కువున్న మోడల్ తీసుకో, అది కొట్టడానికీ బిగించడానికీ మెత్తగా ఉంటుంది. అప్పు చేసి మాత్రం కొనకు, నీ జీతంలో వాయిదా పోతే ముందు ఆగిపోయేది పెల్లెట్లు, రేంజ్ ఫీజు, అప్పుడు రైఫిల్ అటక మీద ఉంటుంది.

.22 గురించి కూడా అడిగావు, దానికి లైసెన్స్ కావాలి, 50 మీటర్ల ఆట, రెండేళ్ల తర్వాత మాట్లాడుకుందాం. ఇంటి మేడ మీద ప్రాక్టీస్ మాత్రం వద్దు, పక్కింటి కిటికీ దగ్గరే, గోడ తగిలి వెనక్కొచ్చిన పెల్లెట్‌కి కన్ను పోతుంది. పిట్టల వైపు గురి పెట్టడం అసలు వద్దు, అది 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, పైగా అలాంటివాళ్ల వల్లే ఎయిర్ రైఫిల్ పట్టుకెళ్తుంటే జనం మనల్ని అనుమానంగా చూస్తున్నారు. ఇంట్లో ఉన్నా రేంజిలో ఉన్నా బోల్టు తెరిచి, ఖాళీగా ఉందని అందరికీ కనిపించేలా బ్యారెల్లో రంగు దారం పెట్టి, మొన మనుషుల వైపు తిరక్కుండా ఉంచు, ఖాళీగా ఉందని తెలిసినా సరే.

ఈ వారం ఆ కన్ను పరీక్ష చేసి ఏ కన్నో చెప్పు. ఆ 90 వేల రైఫిల్ ఆయన్ని సిలిండర్ మీద అంకెలు స్పష్టంగా కనిపించేలా ఒక ఫోటో అడుగు, మీటర్ వైపు కాదు, చుట్టూ తిప్పితే అడుగున ఎక్కడో చెక్కి ఉంటాయి, అది పంపిస్తే గడువు ఎప్పటివరకుందో చూసి ధర సంగతి నేను చెప్తా.